అమరావతి శిల్పం మీద పరిశోధన: లైబ్రరీలో పని ఎక్కడ మొదలుపెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం.ఏ. డిసర్టేషన్ కావచ్చు, పీహెచ్‌డీ సినాప్సిస్ కావచ్చు, పత్రికకు రాసే పెద్ద వ్యాసం కావచ్చు. కళా చరిత్రలో లైబ్రరీ పని మొదటిసారి చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఇక్కడి ఉదాహరణలన్నీ కృష్ణా తీరంలోని ప్రాచీన బౌద్ధ కట్టడం, అమరావతి మహాస్తూపం చుట్టూ తిరుగుతాయి. లేపాక్షి పైకప్పు చిత్రాల మీదో, చేర్యాల నకాషీ పటాల మీదో పనిచేసేవాళ్లకూ పద్ధతి ఇదే, పేర్లే మారతాయి.

"అమరావతి శిల్పకళ" అని టాపిక్ రాసిచ్చాను. గైడ్ వెనక్కి పంపారు. తప్పేముంది?

అది టాపిక్ కాదు, బీరువా. అందులో ఏ అర తెరుస్తారో చెప్పలేదు. కళా చరిత్రలో టాపిక్‌ను ఇరుకు చేయడానికి తేలికైన దారి ఒక వస్తువు దగ్గర మొదలవడం. "భక్తి", "సౌందర్యం", "ప్రభావం" లాంటి మాటల దగ్గర మొదలైతే ఆరు నెలలు చదివినా ఒక్క పేజీ తేలదు.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో ఒక గుండ్రని పతకం ఉంది. మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలో జనాన్ని తొక్కుతుంటుంది, అదే ఏనుగు పక్కనే బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లి ఉంటుంది. ఒకే చట్రంలో రెండు క్షణాలు. "ఈ పతకంలో ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కి కథ నడిపిన తీరు, అమరావతిలోనే మరో రెండు పతకాలతో పోలిక" అంటే అది టాపిక్. స్తూపంలో ఒక భాగం (అడ్డకమ్మీలు, అంటే సూచులు, మాత్రమే), ఒక తవ్వకం, ఒక మ్యూజియంలో రాళ్లను అమర్చిన తీరు, ఇవి కూడా పనికొస్తాయి.

పరీక్ష ఒకటుంది. ఏ వస్తువు, ఎక్కడిది, ఏ కాలం, దాని గురించి ఏ ప్రశ్న, ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పడుతున్నాయా? పడకపోతే ఇంకా కత్తిరించాలి.

పుస్తకాలు చదివి రాయి చూడాలా, రాయి చూసి పుస్తకాలు చదవాలా?

ముందు రాయి. చెన్నైకో అమరావతి సైట్ మ్యూజియంకో వెళ్లగలిగితే వెళ్లండి. లేకపోతే బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ కలెక్షన్‌లో పెద్ద ఫొటో తెరిచి అరగంట కూర్చోండి. పెన్సిల్‌తో గీయండి, గీత బాగుండనక్కర్లేదు. ఎన్ని బొమ్మలున్నాయి, ఎవరు ఎటు చూస్తున్నారు, ఎక్కడ విరిగింది అని రాసుకోండి. క్యాప్షన్ ముందు చదివితే క్యాప్షన్ చెప్పిందే కనిపిస్తుంది.

గూగుల్‌లో, లైబ్రరీ కేటలాగులో "అమరావతి" అని కొడితే రాజధాని వార్తలే వస్తున్నాయి. ఏం చేయాలి?

ఈ ఒక్క పేరుతో చాలా ఇబ్బందులున్నాయి. కొత్త రాజధాని ఒకటి, మహారాష్ట్రలో విదర్భ అమరావతి ఒకటి, వియత్నాంలో పాత చంపా రాజ్యపు అమరావతి ఒకటి. మూడోది మరీ చిక్కు. అక్కడా బౌద్ధ శిల్పం ఉంది కాబట్టి ఫలితాల్లో అది కలిసిపోయినా వెంటనే తెలియదు.

అందుకని ఊరి పేరు ఒక్కటే కొట్టకండి, పక్కన భాగం పేరు చేర్చండి. ఇంగ్లిషు వ్యాసాల్లో ఆ భాగాలను రెయిలింగ్ పిల్లర్ (స్తూపం చుట్టూ ఉండే ప్రాకారపు స్తంభం), క్రాస్‌బార్ (సూచి), కోపింగ్ (ప్రాకారం పైవరస రాయి), డ్రమ్ స్లాబ్ (స్తూపం గుండ్రని అడుగుభాగపు పలక), ఆయక పిల్లర్ (నాలుగు దిక్కులా ముందుకొచ్చిన వేదికల మీది స్తంభం) అంటారు. "క్రాస్‌బార్" చేరిస్తే రాజధాని వార్త ఒక్కటీ మిగలదు. ధాన్యకటకం (ఈ చోటి పాత పేరు), ధరణికోట (పక్క ఊరు) అనే పేర్లతోనూ విడివిడిగా వెతకాలి. శాసనాలవాళ్లు ఎక్కువగా ఆ పేర్లే వాడతారు.

పాత స్పెల్లింగులు మరో తంతు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ రాసినది 1823లో ఏషియాటిక్ జర్నల్‌లో అచ్చయినప్పుడు శీర్షికలో ఉన్న పేర్లు ఇంచుమించు "అమ్రవుట్టీ, దీపల్దినా, దుర్నకోటా" అని పలుకుతాయి. మధ్యది మన దీపాలదిన్నె, ఊరివాళ్లు స్తూపం దిబ్బకు పెట్టుకున్న పేరు. ఈ రూపాలు తెలియకపోతే 19వ శతాబ్దపు సామగ్రి కేటలాగులో ఉన్నా మీకు దొరకదు. నోట్‌బుక్ మొదటి పేజీ స్పెల్లింగుల పట్టికకే వదిలేయండి. కొత్త రూపం కనబడిన ప్రతిసారీ అక్కడ చేర్చండి.

ఇంకో మాట. పాత పుస్తకాలన్నీ ఈ రాయిని "మార్బుల్" అన్నాయి. నిజానికి అది పల్నాటి సున్నపురాయి. "మార్బుల్స్" అని కూడా వెతికితేనే 1950కి ముందువి బయటపడతాయి.

లైబ్రరీలో ఈ పుస్తకాలు ఏ అరలో ఉంటాయి?

ఒక్క అరలో ఉండవు. డ్యూయీ పద్ధతి వాడే లైబ్రరీలో శిల్పం 730లలో (ప్రాచీన శిల్పం 732), మత కట్టడాలు 726లో, కళా చరిత్ర 709లో, బౌద్ధం 294.3లో, ప్రాచీన భారత చరిత్ర 934లో ఉంటాయి. అమరావతి మీది పుస్తకం ఈ ఐదింటిలో ఎక్కడైనా ఉండొచ్చు. ఒక అర చూసి "మా లైబ్రరీలో ఏమీ లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

కొన్ని పాత యూనివర్సిటీ లైబ్రరీల్లో రంగనాథన్ గారి కోలన్ పద్ధతి ఇంకా నడుస్తోంది. అందులో "ఎన్‌డీ" అంటే శిల్పం, "ఎన్‌క్యూ" అంటే చిత్రకళ. అమెరికాలో చదువుతున్న మన విద్యార్థులకు కనిపించే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో "ఎన్‌డీ" అంటే చిత్రకళ, శిల్పం "ఎన్‌బీ". అక్కడి కాల్ నంబర్ (పుస్తకం ఏ అరలో ఉందో చెప్పే నంబరు) రాసుకొచ్చి ఇక్కడ వెతికితే వేరే అర ముందు నిలబడతారు. కాల్ నంబర్ ఒక లైబ్రరీ నుంచి ఇంకో లైబ్రరీకి పనికిరాదు. రచయిత, పేరు, సంవత్సరం రాసుకోండి.

పెద్ద సైజు పుస్తకాలు మామూలు అరల్లో పట్టవు, వాటికి వేరే చోటుంటుంది. అమరావతి తవ్వకాల మీద జేమ్స్ బర్గెస్ 1887 రిపోర్టు లాంటివి అక్కడో, తాళం వేసిన బీరువాలోనో ఉంటాయి. కంప్యూటర్‌లో "అందుబాటులో ఉంది" అని చూపించి అరలో లేకపోతే, వెనక్కి వెళ్లే ముందు కౌంటర్‌లో పెద్ద సైజు పుస్తకాల చోటు ఎక్కడో అడగండి. పాత లైబ్రరీల్లో కంప్యూటర్‌కి ఎక్కనివి చాలా ఉంటాయి కాబట్టి కార్డు కేటలాగు సొరుగులు కూడా లాగి చూడండి.

రచయిత పేరు కొట్టినా రావడం లేదు.

మన పేర్లతో కేటలాగులకు ఎప్పుడూ తగువే. మల్లంపల్లి సోమశేఖర శర్మ ఒకచోట శర్మ కింద, ఒకచోట సోమశేఖర కింద, ఇంకోచోట మల్లంపల్లి కింద ఉంటారు. మూడూ చూడాలి. విదేశీ లైబ్రరీల్లో తెలుగు పుస్తకాల పేర్లను లాటిన్ అక్షరాల్లోకి మార్చే నియమం వేరు. "చ"కు "సీ" ఒక్కటే రాస్తారు, వెనక "హెచ్" ఉండదు. "శ"ను "ఎస్"తో రాసి పైన గుర్తు పెడతారు. అంటే "చరిత్ర", "శిల్పం" అనే మాటల్లో మనం అలవాటుగా కొట్టే "హెచ్" తీసేయాలి. పైన, కింద పెట్టే గుర్తుల గురించి బెంగ పడక్కర్లేదు. అవి లేకపోయినా వెతుకులాట పనిచేస్తుంది. 1962 నుంచి పీఎల్-480 పథకం (అమెరికా ధాన్యానికి మనం రూపాయల్లో కట్టిన సొమ్ముతో ఇక్కడి పుస్తకాలు కొన్న పథకం) కింద మన పుస్తకాలు అమెరికా యూనివర్సిటీలకు పెద్ద ఎత్తున వెళ్లాయి. ఇక్కడ దొరకని తెలుగు పుస్తకం షికాగోలో ఉండటం అరుదేమీ కాదు.

మొదట ఏ పుస్తకం చదవాలి?

అన్నిటికంటే కొత్తది తీసుకుని వెనక నుంచి చదవండి. అంటే బిబ్లియోగ్రఫీ ముందు, పుస్తకం తర్వాత. అమరావతికైతే అకిరా షిమడా 2013 పుస్తకం, ఆయనా మైఖేల్ విల్లిస్ కలిసి సంపాదకత్వం వహించి బ్రిటిష్ మ్యూజియం 2016లో వేసిన వ్యాస సంకలనం మంచి మొదలు. వాటి బిబ్లియోగ్రఫీలో మీ వస్తువుకు సంబంధించిన పది, పన్నెండు ఎంట్రీలు ఏరుకోండి. అంతకు మించి మొదటి వారంలో వద్దు.

తర్వాత మెట్టు కేటలాగులు. ఇక్కడ కేటలాగు అంటే లైబ్రరీది కాదు, ఒక మ్యూజియంలోని రాళ్లన్నిటినీ వరసగా వివరించే పుస్తకం. చెన్నైలో ఉన్నవాటికి సి. శివరామమూర్తి 1942 గ్రంథం, లండన్‌లో ఉన్నవాటికి డగ్లస్ బారెట్ 1954, రాబర్ట్ నాక్స్ 1992. శివరామమూర్తి గారిని ఎంత కొత్త పుస్తకం వచ్చినా దాటి పోలేరు. నగలు, జడలు, కుండలు, బండ్లు, ప్రతి చిన్న వస్తువుకూ సంస్కృత, ప్రాకృత సాహిత్యంలో పేరు వెతికి పెట్టారు. ఆయన ఇచ్చిన కాలాలు పాతబడ్డాయి కానీ ఆయన కన్ను పాతబడలేదు.

ఆ తర్వాతే 19వ శతాబ్దపు రిపోర్టులు. చాలామంది తలకిందులుగా చేస్తారు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ సైట్‌లో ఉచితంగా దొరికింది కదా అని 1868 నాటి జేమ్స్ ఫెర్గూసన్ పుస్తకంతో మొదలుపెట్టి, ఆయన తేదీలనూ సిద్ధాంతాలనూ నిజమనుకుని నోట్సు నింపుతారు. నెల తర్వాత మొత్తం కొట్టేయాల్సి వస్తుంది.

ఒకే రాయికి ఒక్కో పుస్తకంలో ఒక్కో నంబరు ఉంది. ఏది సరైనది?

అన్నీ సరైనవే. అమరావతి మీద లైబ్రరీ పనిలో సగం ఈ నంబర్లను జతపరచడమే. ఇది సరిగ్గా చేస్తే మిగతా సగం తేలిక.

ముందు రాళ్ల ప్రయాణం తెలియాలి. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి రాజధానిని అమరావతికి మార్చినప్పుడు కట్టడాలకు రాళ్లు కావాలని దిబ్బ తవ్వించారు. అప్పుడే మెకంజీ చూశాడు. తిరిగి 1816లో చిత్రకారులతో వచ్చి రాళ్ల బొమ్మలు గీయించాడు. ఆ ఆల్బమ్ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి రాళ్లను మద్రాసుకు పంపాడు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ వాటిని ఫొటోలు తీశాడు. ఆ మరుసటి ఏడాది లండన్‌కు ఓడెక్కాయి. 1867లో ఫెర్గూసన్‌కు అవి లండన్ ఫైఫ్ హౌస్ గుర్రపు బండ్ల కొట్టంలో కనిపించాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు చేరాయి. ఇక్కడ రాబర్ట్ సెవెల్ 1877లో, బర్గెస్ 1881–82లో, తర్వాత అలెగ్జాండర్ రే అమరావతిలో మళ్లీ తవ్వారు. వాటిలో ఎక్కువ భాగం చెన్నైలో ఉంది. కొన్ని ఢిల్లీ, కోల్‌కతా, పారిస్ గిమే మ్యూజియంలకు చేరాయి.

ప్రతి మజిలీలోనూ ఎవరో ఒకరు కొత్త నంబరు వేశారు. కాబట్టి ఒక పట్టిక గీయండి. నిలువు గడులు ఇవి: మెకంజీ బొమ్మ, ట్రైప్ ఫొటో, ఫెర్గూసన్ ప్లేటు (పుస్తకంలో విడిగా అచ్చేసిన బొమ్మల పేజీ), బర్గెస్ ప్లేటు, శివరామమూర్తి ప్లేటు, బారెట్ నంబరు, నాక్స్ నంబరు, మ్యూజియం రిజిస్ట్రేషన్ నంబరు. మీరు ఎంచుకున్న ప్రతి రాయికీ ఒక అడ్డ వరస. ఐదు రాళ్లయితే ఒక్క రోజు పని. పట్టిక నిండేసరికి ఏ పుస్తకంలో ఏ పేజీ తెరవాలో మీకే తెలిసిపోతుంది. ఖాళీ గడి కూడా సమాచారమే. మెకంజీ బొమ్మలో ఉండి ఆ తర్వాత ఎక్కడా కనబడని రాయి పోయిందన్నమాట. సున్నం కోసం కాల్చినవాటిలో కలిసిపోయి ఉండొచ్చు.

బ్రిటిష్ మ్యూజియం నంబరు చదవడం నేర్చుకోండి. 1880,0709.79 అంటే 1880లో, ఏడో నెల తొమ్మిదో తేదీన నమోదైన సేకరణలో 79వ వస్తువు. ఈ 79 రెండు వైపులా చెక్కిన పలక. ఒకవైపు క్రీస్తుపూర్వపు బోధివృక్షం, రెండోవైపు ఆ తర్వాత రాయిని తిప్పి చెక్కిన స్తూపం బొమ్మ. పుస్తకంలో ఒకవైపు మాత్రమే అచ్చయితే రెండు వేర్వేరు రాళ్లనుకునే ప్రమాదం ఉంది. నంబరు జతచేస్తే ఆ పొరపాటు జరగదు.

పాత తవ్వకం రిపోర్టుల్లో రాయి ఎక్కడ దొరికిందో ఉండదేం?

చాలా రాళ్లకు ఆ సమాచారం పుట్టనే లేదు. 1880లో మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం దిబ్బ మొత్తం తవ్వి చదును చేయమన్నాడు. మరుసటి ఏడాది బర్గెస్ వచ్చేసరికి అక్కడ మిగిలింది పెద్ద గుంత, చుట్టూ పడేసిన రాళ్లు. ఏ పలక ఏ దిక్కున ఉండేదో రాసుకున్నవాళ్లు లేరు. అందుకే సెవెల్ 1877 పని మీద 1880లో అచ్చయిన రిపోర్టుకు అంత విలువ. అది చిన్నదే, కానీ ఏది ఎక్కడ దొరికిందో గుర్తించి చూపిస్తుంది. "దక్షిణ ద్వారం దగ్గరి స్తంభం" అని ఎవరైనా ధీమాగా రాస్తే, ఆ మాట ఏ రిపోర్టు మీద నిలబడిందో ఫుట్‌నోట్ పట్టుకుని అడుగు దాకా వెళ్లండి. కొన్నిసార్లు అడుగున ఏమీ ఉండదు.

ఒకరు క్రీ.పూ. 1వ శతాబ్దం అంటారు, ఇంకొకరు క్రీ.శ. 2వ శతాబ్దం అంటారు. ఏది రాయాలి?

ఎవరి కాలక్రమమో చెప్పి రాయాలి. శివరామమూర్తి నాలుగు దశలు చేశారు: క్రీ.పూ. 200–100, క్రీ.శ. 100 ప్రాంతం, 150 ప్రాంతం, 200–250. బారెట్ వేరే లెక్క వేశారు. ఇటీవలి పరిశోధన, ముఖ్యంగా షిమడాది, పెద్ద ప్రాకారాన్ని ఇంతకుముందు అనుకున్నదానికంటే వెనక్కి జరుపుతోంది. ప్రమాదం ఎక్కడంటే, ఒక రాయి తేదీ శివరామమూర్తి నుంచి, ఇంకో రాయి తేదీ నాక్స్ నుంచి తీసుకుని, రెండింటి మధ్య "యాభై ఏళ్ల పరిణామం" కనిపెట్టడం. ఆ పరిణామం రాళ్లలో లేదు, రెండు పుస్తకాల మధ్య ఉంది. నోట్సులో ప్రతి తేదీ పక్కన బ్రాకెట్‌లో "శి", "బా", "నా", "షి" అని రాసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఘటనల సంవత్సరాల విషయంలోనూ ఇంతే. మెకంజీ మొదటి రాక 1797 అని కొన్ని పుస్తకాల్లో, 1798 అని కొన్నింటిలో ఉంటుంది.

డౌన్‌లోడ్ చేసిన స్కాన్‌లో ప్లేట్లు నల్లటి మరకల్లా ఉన్నాయి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో చాలా భాగం నలుపు–తెలుపు రెండే రంగుల్లో తీసినవి. అక్షరాలకు పర్వాలేదు, శిల్పం ఫొటోకు అది చావుదెబ్బ. బూడిద రంగు ఛాయలన్నీ పోయి మరక మిగులుతుంది. అదే పుస్తకానికి వేరే లైబ్రరీ ప్రతి వెతకండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోనే విదేశీ యూనివర్సిటీలు పెట్టిన స్కాన్లు రంగుల్లో ఉంటాయి. హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ డిజిటల్ లైబ్రరీలో కళకు సంబంధించిన పాత పుస్తకాలు మంచి నాణ్యతతో దొరుకుతాయి.

మడతపెట్టిన ప్లాన్లను విప్పకుండా స్కాన్ చేయడం ఇంకో జబ్బు. స్తూపం ప్లాన్ సగమే కనిపిస్తే అదే కారణం. దానికి అచ్చు ప్రతి చూడటమే మందు.

ఇదే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో తెలుగు పుస్తకాల పేర్లు లాటిన్ అక్షరాల్లో విచిత్రంగా ఎక్కాయి. దీర్ఘానికి రెండు "ఏ"లు, సున్నాకు "ఎన్" వెనక ఒక అపాస్ట్రఫీ గుర్తు. పూర్తి పేరు కొడితే రాదు. ఒక్క మాటో, రచయిత ఇంటిపేరో కొట్టి, సంవత్సరంతో వడపోయండి.

లైబ్రరీలో అచ్చు ప్రతి చేతికి రాగానే ముందు ప్లేట్ల జాబితా తెరిచి లెక్కపెట్టండి. బ్లేడుతో కోసుకుపోయిన ప్లేట్లు మన లైబ్రరీల్లో కొత్త సంగతి కాదు. లేనివి కనిపిస్తే పుస్తకం తిరిగిచ్చేటప్పుడు కాదు, తీసుకునేటప్పుడే కౌంటర్‌లో రాయించండి. లేకపోతే ఆ పాపం మీకు చుట్టుకుంటుంది. ప్లేట్ల నంబర్లు రోమన్ అంకెల్లో ఉంటాయి. నలభై రెండుకూ, అరవై రెండుకూ తేడా మొదటి రెండు అక్షరాల వరసలోనే. నోట్సులో మామూలు అంకెల్లోకి మార్చుకుని రాయండి.

నాకు బ్రాహ్మీ లిపి రాదు, ప్రాకృతం రాదు. శాసనాలు వదిలేయనా?

వదలొద్దు. ఎవరు ఏ రాయి ఇచ్చారో చెప్పేవి అవే. వ్యాపారులు, భిక్షుణులు, ఒక్కోసారి చెప్పులు కుట్టే కుటుంబం పేరు కూడా ఉంటుంది. లిపి నేర్చుకోవడం తర్వాత చూడొచ్చు. ముందు ప్రాచీన ఆంధ్రదేశ శాసనాల ఆన్‌లైన్ కోశం చూడండి. ఆర్లో గ్రిఫిత్స్, వన్సాఁ తూర్నియే బృందం చేసింది. పాఠం, అనువాదం, పాత ప్రచురణల వివరం ఒకేచోట ఉన్నాయి. అచ్చులో అయితే 1912 నాటి ల్యూడర్స్ బ్రాహ్మీ శాసనాల జాబితా, శాసనాల పత్రిక ఎపిగ్రాఫియా ఇండికా 10వ సంపుటికి అనుబంధంగా వచ్చింది. 15వ సంపుటిలో రమాప్రసాద్ చందా అమరావతి శాసనాలు మరికొన్ని ప్రచురించారు. ఒక్క జాగ్రత్త. బర్గెస్ కాలపు అనువాదాన్ని అలాగే ఎత్తి రాయకండి. పాఠాలు ఆ తర్వాత చాలాచోట్ల సవరించారు.

తెలుగులో వచ్చినవి చూడాలా? బిబ్లియోగ్రఫీల్లో కనిపించవు కదా.

అందుకే చూడాలి. ఇంగ్లిషు పుస్తకాల బిబ్లియోగ్రఫీలు తెలుగును దాదాపు పట్టించుకోవు. మీరు కొత్తగా ఏదైనా చేర్చగలిగితే ఇక్కడే.

కైఫియత్తులు మొదటివి. మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న వృత్తాంతాలు. గుంటూరు సీమవి అచ్చయ్యాయి. శిల్పం గురించి నేరుగా ఉండేది తక్కువే. కానీ ఊరు, దిబ్బ, గుడి గురించి అక్కడివాళ్లు ఏమనుకునేవారో తెలుస్తుంది.

రెండోది భారతి మాసపత్రిక. 1924 నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు గారు నడిపారు. శాసనాలు, శిల్పం మీద మంచి వ్యాసాలున్నాయి. చాలా సంచికలు ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లో ఉన్నాయి. మూడోది రాజమండ్రి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక. అది ఇంగ్లిషులోనే అయినా మనవాళ్ల చర్చంతా అందులో ఉంది.

పాత తెలుగు పత్రికల మీద తేదీ తెలుగు సంవత్సరం పేరుతో ఉంటుంది. రుధిరోద్గారి అంటే 1923–24. అదే పేరు 1983–84లో మళ్లీ వచ్చింది. ఉగాదికి ముందు నెలలు, పుష్యం నుంచి ఫాల్గుణం దాకా, ఇంగ్లిషు లెక్కలో తర్వాతి సంవత్సరంలో పడతాయి. భారతి మొదటి సంచిక రుధిరోద్గారి పుష్యం, అంటే 1924 జనవరి. ఈ లెక్క తప్పితే సంచిక ఎప్పటికీ దొరకదు.

ఏ లైబ్రరీకి వెళ్లాలి?

అమరావతి టాపిక్‌కు చెన్నై ఎగ్మూరు కంటే లాభమైన ప్రయాణం లేదు. మ్యూజియం, 1896లో తెరిచిన కన్నెమెరా లైబ్రరీ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఉదయం రాయి, మధ్యాహ్నం పుస్తకం. 1954 చట్టం కింద దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం అందాల్సిన నాలుగు లైబ్రరీల్లో కన్నెమెరా ఒకటి. పాత తెలుగు పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. తవ్వకాల రిపోర్టులకు ఢిల్లీలో ఆర్కియలాజికల్ సర్వే వారి సెంట్రల్ లైబ్రరీ.

బయల్దేరేముందు మీ డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం రెండు ప్రతులు, ఫొటో ఐడీ, రెండు పాస్‌పోర్ట్ ఫొటోలు పెట్టుకోండి. కావలసిన పుస్తకాల పేర్లు, కాల్ నంబర్లు ముందే ఆ లైబ్రరీ ఓపాక్‌లో (ఆన్‌లైన్ కేటలాగులో) చూసి కాగితం మీద రాసుకోండి. "అమరావతి మీద ఏమున్నాయి?" అని అడిగితే కౌంటర్‌లో మనిషి ఏదో ఒకటి తెచ్చిస్తారు. "బర్గెస్, 1887" అని అడిగితే అదే వస్తుంది.

యూనివర్సిటీ లాగిన్ లేదు. జర్నల్ వ్యాసాలు ఎలా?

జర్నల్ వ్యాసాల సైట్ జేస్టోర్‌లో ఉచిత వ్యక్తిగత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాలు తెర మీద చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ ఉండదు. ఆసియా కళ మీది పత్రిక ఆర్టిబస్ ఏషియే అందులోనే ఉంది. ఫ్రెంచి పత్రిక ఆర్ట్స్ ఆజియాటిక్ పాత సంచికలు పెర్సే సైట్‌లో ఉచితం. మన యూనివర్సిటీల థీసిస్‌లు శోధగంగలో అధ్యాయానికొక ఫైలుగా ఉంటాయి. ముందు బిబ్లియోగ్రఫీ ఫైలు తెరవండి, అది బాగుంటేనే మిగతావి. ఇంకా దొరకకపోతే మీ లైబ్రరీకి డెల్‌నెట్ (లైబ్రరీలు ఒకదానికొకటి పుస్తకాలు పంపుకునే సంఘం) సభ్యత్వం ఉందేమో అడగండి. ఉంటే వేరే లైబ్రరీ నుంచి ప్రతి తెప్పిస్తారు.

చాట్‌బాట్‌ను అడిగితే ఇరవై పుస్తకాల జాబితా ఇచ్చింది. వాడుకోవచ్చా?

ఒక్కొక్కటీ వరల్డ్‌క్యాట్‌లో (ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి ఆన్‌లైన్ కేటలాగులో) ఉందో లేదో చూశాకే. నిజమైన రచయిత, నిజమైన పత్రిక, పుట్టని వ్యాసం, ఈ కలయిక తరచూ వస్తుంది. ఆ సంపుటి విషయసూచిక తెరిచి పేజీ నంబరు చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది.

చదవడం ఎప్పుడు ఆపాలి?

కొత్త వ్యాసం తెరిచినప్పుడు దాని ఫుట్‌నోట్లలో మీకు తెలియనిది ఒక్కటీ లేదు అనిపించడం వరసగా మూడుసార్లు జరిగితే ఆపి రాయడం మొదలుపెట్టండి.

ఫొటోలు వాడుకోవడానికి అనుమతి కావాలా? క్యాప్షన్ ఎలా రాయాలి?

బ్రిటిష్ మ్యూజియం తన ఫొటోలను వ్యాపారేతర వాడుకకు, పేరు చెప్పి, అదే షరతులతో పంచుకునే లైసెన్సు కింద ఇస్తుంది. థీసిస్‌కు చాలు, అమ్మే పుస్తకానికి చాలదు. మన దేశంలో ఫొటో మీద హక్కు ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్లు. కాబట్టి ట్రైప్, బర్గెస్ ప్లేట్లకు ఇబ్బంది లేదు. మీరు మ్యూజియంలో తీసుకున్న ఫొటో అచ్చు వేయాలంటే ఆ మ్యూజియం అనుమతి విడిగా రాసి తీసుకోండి. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. అధ్యాయం పూర్తయ్యాక కాదు, మొదలుపెట్టిన రోజే దరఖాస్తు పెట్టండి.

క్యాప్షన్‌లో వరస ఇది: స్తూపంలో ఏ భాగం, దృశ్యం, దొరికిన ఊరు, తేదీ (ఎవరి లెక్కో), రాయి, కొలతలు సెంటీమీటర్లలో, మ్యూజియం, రిజిస్ట్రేషన్ నంబరు, ఫొటో ఎవరిది. మీ పట్టికలో, నోట్సులో వీటిలో చాలా వరకు ఇప్పటికే ఉంటాయి, కొలతలు తప్ప. అవి కేటలాగులో వెతికి ముందే రాసుకోండి. చివరి రాత్రి అందరూ వెతుక్కునేది వాటినే.